మాస్టారి బ్రాకెట్లు

మా నాలుగో అంతస్తు మాస్టారు పోయారు. ఆ కబురు నాకు ఇంట్లో కాదు, దిల్‌సుఖ్‌నగర్‌లో నేను నడిపే ఆడపిల్లల హాస్టల్ వంటింట్లో తెలిసింది. పొద్దున్నే కోచింగ్ క్లాసుకు వెళ్లిన పిల్లలు గంట కాకుండానే తిరిగొచ్చారు. ఉప్మా ఇంకా పొయ్యి మీదే ఉంది. ఏమర్రా, అప్పుడే ఎగ్గొట్టడం మొదలుపెట్టారా అని కసిరాను. ముందున్న పిల్ల గుమ్మంలోనే ఆగిపోయి, "సార్ రాలేదు ఆంటీ" అంది. ఆ పిల్ల వెనక ఇంకో ఇద్దరు ఏడుస్తున్నారు. మాస్టారు క్లాసుకు రాకపోవడమనేది మేమెవరం ఎరగని సంగతి. జ్వరంతో వచ్చారు, వానలో వచ్చారు, బంద్ రోజున గడ్డిఅన్నారం నుంచి నడిచి వచ్చారు. గరిటె అక్కడే పడేసి ఇంటికి పరిగెత్తాను. మా బిల్డింగు మెట్ల దగ్గర చెప్పుల గుట్ట చూశాక ఇక ఎవరినీ ఏమీ అడగలేదు.

క్లాసుకు బయల్దేరుతూ బూట్లు తొడుక్కోవడానికి కుర్చీలో కూర్చున్నారట. ఒక బూటు వేసుకున్నారు. రెండోది చేతిలోనే ఉండిపోయింది.

ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. రాయడం నా పనీ కాదు. పిల్లలకు వేళకింత వండిపెట్టడం, గేటుకు తాళం వేయడం, ఫోన్లు పట్టుకుని మెట్ల మీద కూర్చున్నవాళ్లను తిట్టి లోపలికి పంపడం, ఇవీ నా పనులు. కానీ మాస్టారితో నేను పోట్లాడినంతగా ఈ బిల్డింగులో ఇంకెవరూ పోట్లాడలేదు. అందుకని ఆయన సంగతి చెప్పే హక్కు నాకు కాస్త ఎక్కువుందని అనుకుంటున్నాను.

మాస్టారు చెప్పేది పర్యావరణం పాఠం. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు. చెప్పుల దుకాణం పైన ఒక పొడుగాటి హాలు, కిటికీ బయట మెట్రో స్తంభం, తిరుగుతున్నాయో లేదో తెలియని ఫ్యాన్లు. ఒక పిల్ల టిఫిన్ డబ్బా మరిచిపోతే ఇవ్వడానికి వెళ్లి, ఒకసారి ఆ వెనక బెంచీలో కూర్చుండిపోయాను. చిత్తడి నేలల ఒప్పందం ఏ ఊళ్లో జరిగింది, వలస పక్షుల ఒప్పందం ఏ ఊళ్లో, అంతరించే జంతువుల వ్యాపారం ఆపాలన్నది ఎక్కడ, అని ఆయన అడుగుతుంటే మూడొందల గొంతులు ఒక్కసారి జవాబు చెప్తున్నాయి. ఇంత గట్టిగా ఈ పేర్లు ఆ ఒప్పందాలు రాసుకున్నవాళ్లు కూడా పలికి ఉండరు. పాపం, ఆ పిల్లల్లో ఒక్కరైనా ఒక చిత్తడి నేలలో కాలు పెట్టారో లేదో నాకు అనుమానమే.

హైదరాబాదులో బయోడైవర్సిటీ అంటే ఎవరైనా గచ్చిబౌలి దగ్గర ఫ్లైఓవర్ అనే చెప్తారు. మాస్టారు ప్రతి బ్యాచ్‌కీ మొదటి రోజు అదే ప్రశ్న వేసేవారట. వెనక నుంచి ఎవరో ఒకరు "బస్‌స్టాప్ సార్" అనేవారట. ఆయన నవ్వి, అదీ కరెక్టే, ఆ పేరు అక్కడికి ఎలా వచ్చిందో చెప్తాను కూర్చోండి అని మొదలుపెట్టేవారు. ప్రపంచ దేశాలన్నీ జీవవైవిధ్యం గురించి మాట్లాడుకోవడానికి ఒకసారి మన ఊరికే వచ్చాయి. మాస్టారు ఎవరెవరినో బతిమాలి ఒక పాస్ సంపాదించి, పెళ్లికి కుట్టించుకున్న కోటు బిగించుకుని వెళ్లారు. ఆయన అక్కడ చూసిందేమిటంటే, ఒక పెద్ద హాల్లో వందల మంది ఒక పూటంతా కూర్చుని "చేయాలి" అని రాద్దామా, "చేస్తే బాగుంటుంది" అని రాద్దామా అని వాదించుకోవడం.

నాకు నవ్వొచ్చింది. దీనికి అన్ని విమానాలెక్కి రావాలా మాస్టారూ, మా హాస్టల్లో పిల్లలు చట్నీ గురించి ఇంతకంటే తొందరగా తేల్చుకుంటారు అన్నాను. ఆయన కోప్పడలేదు. "కొట్టుకోకుండా పొద్దుగూకేదాకా ఒక్క మాట దగ్గర కూర్చోగలిగారంటే అది చిన్న సంగతి కాదు చెల్లెమ్మా" అన్నారు. తర్వాత ఈ మాట ఆయన నోట చాలాసార్లు విన్నాను. విన్నప్పుడల్లా ఒళ్లు మండేది. ఇప్పుడు మండడం లేదు.

ఆ సదస్సు నుంచి ఆయన తెచ్చుకున్నది బ్రాకెట్లు. ఒప్పందంలో ఏ మాట మీద ఏ దేశానికి పేచీ ఉన్నా, ఆ మాటకు అటొకటి ఇటొకటి చదరపు బ్రాకెట్లు పెడతారట. పేచీ తీరితే వాటిని తీసేస్తారు. తీరనంత కాలం ఆ మాటను ఎవరూ కొట్టేయడానికి లేదు, ఖాయం చేయడానికీ లేదు. మాస్టారికి ఇది ఎంత నచ్చిందంటే ఇంట్లో కూడా అదే గోల. పొద్దున్నే పాల ప్యాకెట్ల దగ్గర కలిసినప్పుడు ఏం వండుతున్నావు అక్కయ్యా అని ఆయన భార్యను అడిగితే, "ఇవాళ వంకాయ బ్రాకెట్లో ఉందమ్మా" అనేది.

ఇక మా బిల్డింగు సంగతి. సరూర్‌నగర్ చెరువుకు దిగువన గడ్డిఅన్నారంలో, వాననీళ్లు పోయే నాలాకు దగ్గరగా ఉంటుంది. కింద కార్లు, స్కూటర్లు. వాటి వెనక ఒకే ఒక ఇల్లు, అందులో పెద్దమ్మ ఉంటుంది. ఈ బిల్డింగు కట్టిన చోటు ఒకప్పుడు వాళ్ల జొన్నచేను. కట్టడానికిచ్చినందుకు వాటాకు వచ్చిన ఫ్లాట్లు కిరాయికిచ్చి, తను మాత్రం నేల మీదే ఉంటానని కింద ఉండిపోయింది. కొడుకు అబ్దుల్లాపూర్‌మెట్ వైపు ప్లాట్లు అమ్ముతాడు, కోడలు హయత్‌నగర్‌లో బడి పంతులమ్మ. పగలు ఇంట్లో ఉండేది పెద్దమ్మే. ఆమె వెనక తలుపు తెరిస్తే ప్రహరీ గోడ దాకా ఒక మట్టి నేల. ఈ పేటలో మట్టి కనిపించే చోటు అదొక్కటే.

ఆ అక్టోబరు వరద ఈ వైపు ఉన్నవాళ్లెవరూ మరిచిపోరు. పైన చెరువులన్నీ ఒకదాని తర్వాత ఒకటి నిండి మా మీదకు వచ్చాయి. పెద్దమ్మ ఇంట్లోకి నడుము లోతు నీళ్లు. పరుపులు, బియ్యం, బట్టలు, మొగుడి ఫోటో, అన్నీ మునిగాయి. మేం పై అంతస్తుల్లో కరెంటు లేదని విసుక్కుంటూ కూర్చున్నాం. ఆ తర్వాత రెండేళ్లకు బిల్డింగు రిపేర్లు పెట్టుకున్నప్పుడు, వెనక నేల మొత్తం ఎత్తు చేసి సిమెంటు పోసేద్దామని అందరం అనుకున్నాం. దోమల బాధ పోతుంది, కార్లకు చోటొస్తుంది. నేనూ సిమెంటు పక్షమే, అందులో దాపరికం లేదు. హాస్టల్ సరుకులు తెచ్చే ఆటో పెట్టుకోవడానికి నాకు చోటు లేక చస్తున్నాను.

మాస్టారు అప్పుడు అసోసియేషన్ సెక్రటరీ. ఆ చలికాలంలోనే మాంట్రియల్‌లో దేశాలన్నీ కూర్చుని, రెండువేల ముప్పై కల్లా ప్రపంచంలో ముప్పై శాతం నేలను, ముప్పై శాతం నీళ్లను కాపాడుకోవాలని ఒప్పుకున్నాయి. అది ఆయన పిల్లలకు చెప్పి ఊరుకుంటే బాగుండేది. పార్కింగులో ప్లాస్టిక్ కుర్చీలేసుకుని కూర్చున్న మా మీటింగుకు టేపు పట్టుకొచ్చారు. వెనక నేల కొలిచాననీ, అది మన స్థలంలో సరిగ్గా ముప్పై శాతమనీ, దాన్ని మట్టిగానే వదలాలనీ అన్నారు. తర్వాత మొదటి అంతస్తు బ్యాంకాయన మళ్లీ కొలిస్తే తెలిసింది, గోడ పక్క సందు కూడా లెక్కలో కలిపేశారని. తన ముప్పై శాతం కోసం మాస్టారు ఆమాత్రం అన్యాయం చేయగలరు.

ఆయన కాపాడదామన్న ఆ అభయారణ్యంలో అప్పుడు ఉన్నవి ఏమిటో నేనే ఆ మీటింగులో చదివి వినిపించాను. గరిక, ఉత్తరేణి, తుమ్మి మొక్కలు, ఒక తొండ, వానలప్పుడు చెవులు చిల్లులు పడేలా అరిచే కప్పలు, పై అంతస్తుల నుంచి రాలిపడిన బట్టల క్లిప్పులు. అందరూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వారు గానీ తగ్గలేదు. ఆ తుమ్మి పూల మీదకు సీతాకోకచిలుకలు వస్తున్నాయి, అవి ఇంకెక్కడికి పోతాయో చెప్పు చెల్లెమ్మా అన్నారు. ఆ మట్టి తాగే నీళ్లు సిమెంటు తాగదని కూడా అన్నారు. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లని అందరికీ తెలుసు కాబట్టి ఆ పూటకు ఎవరూ తేల్చుకోలేకపోయారు.

మర్నాడు ఆదివారం. మాస్టారు నా దగ్గర గిన్నెడు ముగ్గుపిండి అడిగి తీసుకున్నారు. ఎందుకంటే చెప్పలేదు. బాల్కనీలోంచి చూస్తే, వెనక నేలకు ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి, మనిషి పొడుగున చదరపు బ్రాకెట్లు గీస్తున్నారు. చదరం అన్నానే గానీ, ఆ వంకరలు చూస్తే కళ్లు తిరుగుతాయి. పేచీ తీరేదాకా ఈ గీతల మధ్య ఎవరూ కారు పెట్టకూడదు, కంకర పోయకూడదు, ఒక్క మొక్క పీకకూడదు, అదీ రూలు. పెద్దమ్మ గడపలో నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"గిదేం ముగ్గు సారూ, అటొక గీత ఇటొక గీత, నడిమిట్ల ఏం లేదు" అంది. నడిమిట్ల ఉన్నదాని కోసమేనమ్మా అన్నారు మాస్టారు. ఆమె పిండి వేలికి అద్దుకుని చూసి, రాతిపిండితో వేస్తే చీమలకేం దొరుకుతుంది, ముగ్గంటే బియ్యప్పిండితో వేయాలి, ఇంత చదువుకున్నావు ఇది తెల్వదా అని చీవాట్లు పెట్టింది. ఆ ముక్క ఆయన మర్నాడు క్లాసులో చెప్పారట. మా పిల్లలొచ్చి నాకు చెప్పారు.

ఆ తర్వాత కొన్ని నెలల్లో మాస్టారు ఒక్కొక్కరి చెవిలో ఇల్లు కట్టుకుని పోరి, అందరినీ తన వైపు తిప్పుకున్నారు. ఆ ఎండాకాలం మా బోరు ఎండిపోయి ట్యాంకర్ల కోసం పడిగాపులు పడ్డాక, అక్కడొక ఇంకుడు గుంత తవ్వితే మంచిదేనేమోనని నేను కూడా మెత్తబడ్డాను. చివరికి ఒప్పుకోనిది పెద్దమ్మ ఒక్కతే. సిమెంటు పోయాల్సిందే, ఇంటి వెనక ఎత్తు కావాల్సిందే అని కూర్చుంది. మట్టిలో పుట్టి పెరిగిన మనిషి మట్టి వద్దనడమేమిటని పై అంతస్తుల్లో గుసగుసలు పోయారు. అది విని ఆమె ఒక రోజు మీటింగు మధ్యలో లేచింది.

"మీరందరు పైనుంటరు. వానొస్తే చాయ్ తాక్కుంట చూస్తరు. నీళ్లొచ్చేది నా ఇంట్లకు. సారుకు మట్టి ముద్దు, నాకు నా మంచం ముద్దు. నా మంచం మునిగిననాడు ఒక్కరన్న తలుపు తీసి పైకి రమ్మన్నరా?"

  వరద రోజున ఆమె కుటుంబం ఆటోలో బంధువుల ఇంటికి పోయింది. పైకి పిలవాల్సిందన్న సంగతి ఇంతకాలం మా ఎవరికీ తోచనే లేదు.

నాకు మాత్రం ఓపిక నశించింది. మెట్ల మీద మాస్టారిని ఆపి, అందరూ ఒప్పుకున్నారు, ఒక్క మనిషి కోసం ఎన్నాళ్లు లాగుతారు, చేతులెత్తించి తేల్చిపారేయండి అన్నాను. ఆయన అక్కడే మెట్టు మీద కూర్చున్నారు. ఆయనది కొల్లేరు వైపు ఊరని నాకు తెలుసు. ఆ సరస్సు కడుపులో గట్టు పోసి వాళ్ల నాన్న చేపల చెరువు తవ్వాడని మాత్రం ఆ రోజే విన్నాను. కొల్లేరు పేరు అంతర్జాతీయ చిత్తడి నేలల పట్టికలోకి ఎక్కింది, కొన్నాళ్లకు చెరువుల గట్లన్నీ కొట్టేశారు. వాళ్లదీ కొట్టేశారు.

"ఆ గట్టు కొట్టడం తప్పని నేననను. ఇప్పుడు పిల్లలకు అదే పాఠం చెప్తున్నాను. కానీ కొట్టే ముందు ఒక్కరొచ్చి మా అమ్మతో మాట్లాడలేదు చెల్లెమ్మా. పెద్దమ్మతో మాట్లాడకుండా ఆమె మాట నేనెలా కొట్టేయను?" అన్నారు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం సాయంత్రం మాస్టారు పెద్దమ్మ ఇంటికి చాయ్‌కి వెళ్లేవారు. పొద్దున గీతలు సరిదిద్దడం, సాయంత్రం చాయ్. వానొస్తే గీతలు పోయేవి, ఆయన మళ్లీ వేసేవారు. వినాయక చవితి నాడు పెద్దమ్మ తట్ట పట్టుకుని ఆ గీతల మధ్యకు వెళ్లి తుమ్మికూర తెంపుకుంది. చవితికి తుమ్మికూర తినకపోతే వాళ్లకు పండగే కాదు. పూజకు గరిక, ఉత్తరేణి కూడా తెంపింది. మేమంతా దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద పత్రి అని ఏదో ఆకు కట్టిస్తే కొనుక్కొచ్చాం. మాస్టారు పైనుంచి చూస్తున్నారు. ఒక్క మొక్క పీకకూడదన్న ఆయన రూలు నేను గుర్తు చేస్తే, ష్, అలా అనకు, అక్కడికి ఆమె తనంతట తాను వచ్చింది అన్నారు.

అలా రెండేళ్లు దాటింది. దేశాలకే ఏళ్లు పడుతుంటే మనకు పడవా అనేవారు. పోయిన చలికాలానికి ఒక దారికొచ్చింది. పెద్దమ్మ గడప ఎత్తు చేయాలి. ఆమె తలుపు ముందు కాస్త మేర బండలు పరవాలి. మిగతాది మట్టి, దాని మధ్య ఇంకుడు గుంత. ఇవన్నీ చేశారు. ఆఖరి షరతు మాత్రం ఆమె నోటితో అడిగింది, ఆయన నోటితో ఇచ్చారు. నీళ్లొచ్చిన రోజున కింది ఇంటివాళ్లు పైవాళ్ల ఇళ్లలో ఉంటారు, మొదట నాలుగో అంతస్తులో, అంటే మాస్టారి ఇంట్లో. మీటింగులో ఆయన ఇదంతా చెప్పి, అభ్యంతరం ఎవరికైనా ఉందా అని చుట్టూ చూసి, చేతిలోని పప్పుగుత్తితో కుర్చీ మీద టక్కున కొట్టారు. పెద్ద సదస్సుల్లో సుత్తితో కొడతారట. మాకు అక్కయ్య పప్పుగుత్తే దిక్కు.

ఇక బ్రాకెట్లు తీసేద్దామా పెద్దమ్మా అంటే, ఆమె తల అడ్డంగా ఊపింది. మాటలు మస్తుగ విన్న సారూ, ఒక్క వాన చూసి చెప్త అంది. సరే, వాన దాకా ఉంచుదాం అన్నారు మాస్టారు. ఆదివారం ఆదివారం గీతలు దిద్దుతూనే ఉన్నారు. వాన వచ్చేలోపల ఆయన పోయారు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఈసారి రోహిణిలో చెరువులు నిండాయి. రుతువులిక క్యాలెండర్ చూసి రావని మాస్టారు ఊరికే అనలేదు. ఆయన పెద్దకర్మ ఇంకా కాలేదు. మధ్యాహ్నం మబ్బు కమ్మి, ఆకాశానికి చిల్లు పడినట్టు కురిసింది. నేను హాస్టల్ నుంచి తడిసి ముద్దై వచ్చేసరికి గేట్లోంచి నీళ్లు లోపలికి వస్తున్నాయి. పెద్దమ్మ ఒక సంచీ చంకన పెట్టుకుని, మెట్ల మొదట్లో నిలబడి ఉంది. మొగుడి కొత్త ఫోటో ఫ్రేము ఆ సంచీలోంచి పైకి కనిపిస్తోంది. కొడుకూ కోడలూ ఇంకా రాలేదు.

మా ఇంటికి రా పెద్దమ్మా అని చేయి పట్టుకున్నాను. నిజంగానే పిలిచాను. నాలుగో అంతస్తు మాటెత్తడానికి నాకు నోరు రాలేదు. అది మైల ఇల్లు. పలకరించి వచ్చినవాళ్లే ఇంటికెళ్లి తలస్నానం చేస్తున్నారు. అక్కడ మంచినీళ్లు కూడా ఎవరూ ముట్టరు. వెళ్లొస్తామని కూడా అనరు. ఒట్టి దీపం, మూల కూర్చున్న అక్కయ్య. ఆమె ఆ రోజు నుంచి ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. అలాంటి చోటికి ఎవరైనా మూటాముల్లెతో పోతారా?

పెద్దమ్మ నా చేయి మెల్లగా విడిపించుకుంది. నీ ఇంటికి కాదు బిడ్డా అని మెట్లెక్కడం మొదలుపెట్టింది. లిఫ్టు ఆపేశారు. అంతస్తుకోచోట ఆగి ఊపిరి తీసుకుంటూ ఎక్కింది. నేను సంచీ మోస్తూ వెనకే నడిచాను. ఒక్కో తలుపూ తెరుచుకుంటోంది, మా ఇంటికి రమ్మని ఒక్కొక్కరూ పిలుస్తున్నారు. ఆమె ఎవరి వైపూ చూడలేదు.

అక్కయ్య గుమ్మంలోకి వచ్చింది. ఏడ్చి ఏడ్చి వాచిన ముఖం. పెద్దమ్మను, సంచీని, ఆమె కాళ్ల నుంచి కారుతున్న నీళ్లను చూసి, "పెద్దమ్మా, ఇది మైల ఇల్లు" అంది.

"వానకు మైల ఉంటదా బిడ్డా? సారు మాటిచ్చిండు, నేనొచ్చిన. జర జరుగు" అంది పెద్దమ్మ.

అక్కయ్య జరిగింది. తువ్వాలు తెచ్చి ఇచ్చింది. బాల్కనీ దగ్గర మాస్టారి కుర్చీ, ఆ బూట్ల కుర్చీ, ఎవరూ కూర్చోకుండా అలాగే ఉంది. దాన్ని లాగి ఆమెను కూర్చోబెట్టింది. తర్వాత వంటింట్లోకి వెళ్లింది. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించి చాలా రోజులైంది, అన్నం మా ఇళ్ల నుంచే వెళ్తోంది. స్టవ్ అంటుకున్న చప్పుడు వినిపించింది. చాయ్ పెట్టింది. పెద్దమ్మ ఆ చాయ్ తాగింది. నేనూ తాగాను. వర్షం చూస్తూ మేం ముగ్గురం అక్కడే కూర్చున్నాం. కాసేపటికి అక్కయ్య, పెద్దమ్మ ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. నాకు కూడా అప్పుడు ఏడుపు ఆగలేదు.

చీకటి పడకముందే వాన తెరిపిచ్చింది. కిందికి దిగి చూశాం. నీళ్లు పెద్దమ్మ కొత్త గడప దాకా వచ్చి ఆగిపోయాయి. వెనక మట్టి నేల గుటగుటమని తాగుతోంది. అది ఇంకుడు గుంత మహిమో, ఎగువన చెరువు తూము మూశారో నాకు తెలియదు. మాస్టారుంటే తప్పకుండా మట్టి మహిమే అని వాదించేవారు. నేను కాదని పోట్లాడేదాన్ని. కప్పలు మాత్రం ఆ రోజు మొత్తం పేటకు వినిపించేలా అరిచాయి.

పెద్దకర్మ అయింది. బ్యాంకాయన కొత్త సెక్రటరీ. మంచివాడే, తొందర ఎక్కువ. గీతలు వానకు పోయాయి, మాస్టారూ లేరు, పెద్దమ్మ మొదటి నుంచీ అడుగుతున్నది సిమెంటే, ఆమె ముచ్చట తీర్చేద్దాం అని మేస్త్రీని పిలిపించాడు. మర్నాడు పొద్దున మేస్త్రీ వచ్చి, వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకొచ్చి, ఇక్కడేదో గీసి ఉంది సార్ అన్నాడు.

అందరం వెళ్లి చూశాం. ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి. తెల్లగా, మనిషి పొడుగున. పెద్దమ్మ ముగ్గు చేయి తిప్పితే ఈ పేటలో ఇంకెవరూ సాటి రారు, బోనాలకు వీధి వీధంతా ఆమె చేతే వేయించుకుంటారు. అలాంటి మనిషి, ఆ రెండు గీతలూ అచ్చం మాస్టారు వేసినట్టే, అదే చోట వంకర, అదే చోట వెడల్పు, అలా వేసింది. ఆమె గడపలో కూర్చుని చేతులకంటిన పిండి దులుపుకుంటోంది. మేస్త్రీని పంపించేశారు.

ఆ సాయంత్రం మీటింగు పెట్టారు. మాస్టారు పోయాక అక్కయ్య మొదటిసారి కిందికి దిగింది, చేతిలో పప్పుగుత్తి. కొత్త సెక్రటరీ, మాస్టారు అడిగినట్టే అడిగాడు, వెనక నేల సంగతి ఏం చేద్దామని. అందరం పెద్దమ్మ వైపు చూశాం.

"వాన చూసిన. నా ఇల్లు తడిసిందా లేదా అని కాదు, తలుపు తీసిండ్రు. మట్టి మట్టిగనే ఉండనియ్యుండ్రి" అంది.

అభ్యంతరం ఎవరికైనా ఉందా అని బ్యాంకాయన చుట్టూ చూశాడు. ఎవరికీ లేదు. పప్పుగుత్తి కోసం చేయి చాపాడు గానీ, అక్కయ్య ఇవ్వలేదు. తనే కుర్చీ మీద కొట్టింది. గట్టిగా మోగలేదు. అయినా సరిపోయింది.

పేచీ తీరితే బ్రాకెట్లు తీసేయాలి కదా. అది మాస్టారు పెట్టిన పద్ధతే. తెల్లారి సెక్రటరీ బకెట్ నిండా నీళ్లు, చీపురూ పట్టుకుని వెనక్కి వెళ్లాడు. వెళ్లాడే గానీ నిలబడిపోయాడు. నన్ను చూసి, మీరు చేయండి అన్నాడు. నేను బకెట్ అందుకోలేదు. పెద్దమ్మ లోపలి నుంచే కేకేసింది.

"బకెట్ పక్కకు పెట్టు. బియ్యప్పిండితోని ఏసిన."

అప్పుడు వంగి చూశాం. ఎడమ గీత చివర నల్లగా కదులుతోంది. గరిక మొదట్లోంచి చీమల బారు బయల్దేరి, ఒక్కో రవ్వా నోట కరచుకుని, తుమ్మి మొక్కల కిందికి తీసుకుపోతోంది. అక్కడ గీత అప్పటికే తెగిపోయి, మధ్యలో తడి మట్టి కనిపిస్తోంది. కుడి గీత జోలికి అవి ఇంకా రాలేదు. అక్కయ్య నాలుగో అంతస్తు బాల్కనీలో, ఆ కుర్చీలో కూర్చుని కిందికి చూస్తోంది.